గిటార్ మెడకు తెల్లంచు

పట్టుచీరకి అంచు ఎంతో, గిటార్ మెడకి ‘బైండింగ్’ అంత. చూసేవాళ్లకి అదో సన్నటి తెల్ల గీత. చేసేవాళ్లకి రోజుల తరబడి పని. ఆ గీత కోసమే పాత గిటార్లని లక్షలు పోసి కొనేవాళ్లున్నారు. దాని పుట్టిల్లు చూడాలంటే అమెరికాలోని కలమజూ వెళ్లాలి.

షికాగోలో రైలెక్కితే దాదాపు రెండున్నర గంటల ప్రయాణం. మిషిగన్ సరస్సు దక్షిణపు కొసని చుట్టుకుని, ద్రాక్షతోటలూ ఆపిల్ తోటలూ దాటుకుంటూ పోయే ఆ రైలు డెట్రాయిట్ దాకా వెళ్తుంది. సరిగ్గా సగం దారిలో వచ్చే ఊరు కలమజూ. పేరు వింటేనే నవ్వొస్తుంది కదూ! అమెరికన్లకీ అంతే. అసలిలాంటి ఊరొకటి ఉందా, కథల్లో పేరా అని అడిగేవాళ్లు ఎక్కువై, ‘అవును, కలమజూ నిజంగానే ఉంది’ అని టీషర్టుల మీద అచ్చేయించుకున్నారు ఊరివాళ్లు. 1942లో గ్లెన్ మిల్లర్ బృందం ఈ ఊరి పిల్ల మీద వినిపించిన పాట దేశమంతా మోగింది. చిత్రమేమిటంటే, ఆ పాట మోగుతున్న రోజుల్లోనే ఈ ఊరి అమ్మాయిలు ఓ ఫ్యాక్టరీలో గుట్టుగా గిటార్లు చేస్తున్నారు. ఆ సంగతి కాసేపాగి చూద్దాం.

జనాభా 73 వేలు. మన బొబ్బిలి కన్నా కాస్త పెద్ద ఊరు. బొబ్బిలితో పోలిక ఊరికే తేలేదు. అక్కడ వీణ, ఇక్కడ గిటార్. రెండూ ఊరి పేరుని దేశాలు దాటించిన వాయిద్యాలే.

నిజానికి కలమజూ ఒక్క గిటార్‌నే నమ్ముకున్న ఊరు కాదు. ఒకప్పుడు చుట్టుపక్కల నల్లటి బురద నేలల్లో డచ్చి వలస రైతులు సెలెరీ ఆకుకూర విపరీతంగా పండించేవారు. రైళ్లలో దేశమంతా వెళ్లేది. తర్వాత కాగితం మిల్లులొచ్చాయి. అమెరికా సినిమాల్లో కనిపించే బొద్దుగా ఉండే పసుపుపచ్చ ‘చెకర్’ టాక్సీలు 1982 వరకూ ఇక్కడే తయారయ్యాయి. వేలితో నలిపితే పొడయ్యే మాత్రని కనిపెట్టిన అప్‌జాన్ డాక్టరుగారి మందుల కంపెనీ ఇక్కడిదే. చేతులు మారి అది ఫైజర్‌లో కలిసింది. 2020 డిసెంబరులో అమెరికాలో తొలి కొవిడ్ టీకాల లారీలు బయల్దేరింది ఈ ఊరిని ఆనుకునే ఉన్న పోర్టేజ్ ప్లాంటు నుంచే. ఇన్ని ఘనతలున్నా, వేరే దేశం నుంచి పని గట్టుకుని ఇక్కడికొచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకే అడ్రసు... 225, పార్సన్స్ స్ట్రీట్.

చెప్పుల కొట్టు నుంచి...

1887లో కట్టిన పాత రైల్వేస్టేషను దిగి ఉత్తరంగా నడిస్తే మైలు లోపే ఉంటుందా వీధి. టూరిస్టు స్థలంలా ఉంటుందనుకుంటే నిరాశే. చిన్న చిన్న చెక్క ఇళ్లు, రైలు పట్టాలు, వాటి మధ్య వరసగా కిటికీలతో ఓ ఇటుక భవనం. 1917లో గిబ్సన్ కంపెనీ కట్టుకున్న ఫ్యాక్టరీ ఇది.

ఆ కంపెనీకి పేరిచ్చిన ఆర్విల్ గిబ్సన్ ఈ ఊరివాడు కాదు. 1856లో న్యూయార్క్ రాష్ట్రంలో ఓ మారుమూల పుట్టాడు. కలమజూ వచ్చి చెప్పుల కొట్లో గుమాస్తాగా చేశాడు. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని మాండలిన్లు చెక్కేవాడు. అప్పటివరకూ మాండలిన్ అంటే పల్చటి చెక్కల్ని ఆవిరితో వంచి అతికించడమే. ఆర్విల్‌కి అది నచ్చలేదు. వంచిన చెక్క లోలోపల బిగుసుకుపోయి ఉంటుంది, దానికి స్వేచ్ఛగా మోగడం రాదన్నది అతని నమ్మకం. అందుకని దళసరి దుంగ తీసుకుని వయొలిన్‌లా ఒంపులు తిరిగేట్టు ఉలితో తొలిచేవాడు. 1898లో దానిమీద పేటెంటు తీసుకున్నాడు. ఒకే పనసదుంగని తొలిచి చేసే మన ఏకాండి వీణ సంగతి ఆర్విల్‌కి తెలిసే అవకాశం లేదుగానీ, తెలిసి ఉంటే తప్పకుండా మురిసిపోయేవాడు!

1902లో అయిదుగురు వ్యాపారులు కలిసి అతని పేరుతో కంపెనీ పెట్టారు. పేటెంటు హక్కులకి ఆర్విల్‌కి ముట్టింది 2,500 డాలర్లు. పేరు మిగిలింది, మనిషి మెల్లగా పక్కకి జరిగిపోయాడు. 1918లో, పార్సన్స్ వీధిలో ఫ్యాక్టరీ మొదలైన మరుసటేడు, ఎక్కడో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశాడు.

తర్వాతి కథంతా ఈ భవనంలోనే నడిచింది. 1936లో వచ్చిన ‘ఈఎస్-150’ని చార్లీ క్రిస్టియన్ అనే కుర్రాడు చేతబట్టాకే, ఎలక్ట్రిక్ గిటార్ కూడా ముందు వరసలో కూర్చోగలదని జాజ్ సంగీతకారులకి తెలిసొచ్చింది. రెండో ప్రపంచయుద్ధం వచ్చి మగవాళ్లు సైన్యానికి వెళ్లిపోయారు. లోహాలన్నీ ఆయుధాలకే మళ్లాయి. గిటార్ల తయారీ దాదాపు ఆపేశామన్నట్టే కంపెనీ చెప్పుకొచ్చింది. కానీ అప్పట్లో ఫ్యాక్టరీ ముందు తీయించుకున్న ఓ గ్రూప్ ఫొటోలో డెబ్భైమంది దాకా ఆడవాళ్లే ఉన్నారు. ఎవరు వీళ్లంతా? ఈ ప్రశ్న పట్టుకుని జాన్ థామస్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకుడు వాళ్లలో బతికున్నవారిని వెదికి పట్టుకుని ‘కలమజూ గాల్స్’ అనే పుస్తకం రాశాడు. యుద్ధకాలంలో వచ్చిన వేల గిటార్లు వాళ్ల చేతుల్లో తయారైనవే. పుస్తకం వచ్చేవరకూ ఆ చేతులకి పేరు లేదు.

1950లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ పలకలాంటి గిటార్‌ని మార్కెట్లోకి తెచ్చాడు. దాని మెడ వేరే, ఒళ్లు వేరే. నాలుగు మరలు బిగిస్తే గిటార్ తయార్! చౌక, వేగం. దానికి కలమజూ ఇచ్చిన జవాబు 1952లో వచ్చిన ‘లెస్ పాల్’. బంగారు రంగు పూత, జిగురుతో ఒంటికి అతికిన మెడ, చుట్టూ లేత మీగడరంగు అంచు. ఫెండర్ది పనిముట్టు, మాది ఆభరణం అన్నట్టుంటుంది చూస్తే. తమాషా ఏంటంటే, మొట్టమొదట వచ్చిన కొన్ని లెస్ పాల్‌లకి మెడ మీద అంచు లేదు. తర్వాత చేర్చారు. 1954లో వచ్చిన నల్లటి ‘కస్టమ్’కైతే తల చుట్టూ కూడా తెలుపూ నలుపూ పొరలు పొరలుగా అంచు తీశారు. పెళ్లికూతురి అలంకారమే!

మెడలోనే ఉంది మొత్తం

ఇంతకీ ఈ మెడకి ఎందుకింత హడావుడి?

గిటార్‌లో వాయించేవాడి ఎడమచెయ్యి ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉండేది మెడనే. ఒంటి ఆకారం ఎలా ఉన్నా సర్దుకోవచ్చు. మెడ వెంట్రుకవాసి లావైనా సన్నమైనా చేతికి తెలిసిపోతుంది. అందుకే సొంతంగా చేయించుకునేవాళ్లు ముందు చెప్పేది మెడ కొలతే. ‘1959 మెడ’ కావాలంటారు కొందరు. అంటే మొదటి మెట్టు దగ్గర 23 మిల్లీమీటర్ల మందంతో గుండ్రంగా, చేతినిండా ఉండేది. ‘1960 మెడ’ ఇంకోరకం... 20 మిల్లీమీటర్లే, పల్చన. తేడా మూడు మిల్లీమీటర్లు. దానికోసం వాదించుకుంటూ తెల్లవార్లూ కూర్చునేవాళ్లున్నారు.

తీగల లాగుడంతా భరించాల్సింది కూడా ఇదే. ఆరు తీగల్నీ శ్రుతి చేస్తే మెడ మీద పడే బరువు ఒక మనిషి వేలాడినంత. పచ్చిచెక్క అయితే వారానికే విల్లులా వంగుతుంది. అందుకే మహాగని చెక్కని తేమ ఆరు నుంచి ఎనిమిది శాతానికి దిగేదాకా ఆరబెట్టి, రేఖలు నిలువుగా వచ్చేట్టు కోస్తారు. అప్పటికీ వంగదన్న హామీ లేదు. దీనికి మందు కనిపెట్టింది కూడా పార్సన్స్ వీధిలోనే. ఫ్యాక్టరీలో పనిచేసే థాడియస్ మెక్‌హ్యూ, మెడ లోపల సన్నటి గాడి తొలిచి అందులో ఉక్కు ఊచ పెట్టి, తల దగ్గర చిన్న నట్టు బిగించాడు. నట్టు తిప్పితే ఊచ బిగిసి వంగిన మెడని వెనక్కి లాగుతుంది. 1923లో పేటెంటు వచ్చింది. ఇవాళ ఏ దేశంలో చేసిన గిటార్ విప్పి చూసినా దాదాపుగా ఇలాంటి ఊచ ఉంటుంది. పేరు ‘ట్రస్ రాడ్’.

ఇక మెడ మీద అతికించే వేళ్ల పలక. రోజ్‌వుడ్ లేదా నల్లచేవ. దీని మీదే మెట్లు బిగించాలి. మన వీణకి మెట్లు మైనం మీద కూర్చుంటాయి. శ్రుతి తప్పితే మైనం వేడిచేసి మళ్లీ సర్దుకోవచ్చు. గిటార్‌కి ఆ వెసులుబాటు లేదు. రంపంతో గాడి కోశారా... అంతే! అర మిల్లీమీటరు తప్పినా గిటార్ జీవితాంతం అపస్వరమే పలుకుతుంది.

లెక్క మాత్రం ముచ్చటైనది. తీగ మొత్తం పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో తెలుస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా 22 మెట్లు. గిబ్సన్‌వారి తీగ పొడవు పేరుకి 24 ముప్పావు అంగుళాలు. అంటే సుమారు 628 మిల్లీమీటర్లు. ఈ లెక్కన మొదటి మెట్టు 35 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. చివరి రెండు మెట్ల మధ్య పదిన్నర మిల్లీమీటర్లే ఎడం. పన్నెండోది సరిగ్గా సగానికి వచ్చి నిలబడుతుంది. అక్కడ తీగ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. పాతకాలపు పనివాళ్లు 17.817 బదులు చేతిలెక్కకి వీలుగా 18తో భాగించేవారు. కొంచెం తేడా వచ్చేది. చెవులు క్షమించేవి.

అంచు కట్టడం

ఇప్పుడు అసలు ఘట్టం. పలకకి రెండు వైపులా, ఒకటీ ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన తెల్లటి పట్టీ. ఇదే బైండింగ్.

అలంకారమేనా? ప్రధానంగా అదే. శబ్దానికి దీనివల్ల ఒనగూరేదేమీ లేదు. కానీ కలమజూలో ఒక్క చలికాలం గడిపితే ఇంకో ఉపయోగం అర్థమవుతుంది. సరస్సు మీంచి వచ్చే మంచు నడుముల దాకా పేరుకుంటుంది. ఇళ్లలో రాత్రింబవళ్లూ హీటర్లు తిరుగుతాయి. లోపలి గాలి ఎండుగడ్డిలా పొడిబారుతుంది. చెక్క కుంచించుకుపోతుంది, లోహపు మెట్లు మాత్రం కుంచించుకోవు. అప్పుడు మెట్ల కొసలు పలక అంచు దాటి ముళ్లలా బయటికి పొడుచుకొస్తాయి. చెయ్యి జార్చి వాయిస్తే గీరుకుంటుంది. కొసలు పట్టీ వెనక దాక్కుంటే ఆ బాధ ఉండదు.

దీన్ని కట్టడంలో రెండు మార్గాలున్నాయి. మొదటిది తేలిక. ముందు పట్టీ అతికించేసి, చదును చేసి, మెట్లని ఆ పట్టీ మీదుగా అంచుదాకా బిగించడం. మెట్టు అడుగున గాడిలోకి దిగే ‘కాలు’ని పట్టీ ఉన్నంతమేర కత్తిరించేస్తే చాలు.

రెండోది కలమజూ పద్ధతి. ఇందులో మెట్లే ముందు. వాటి కొసల్ని పలక అంచుతో సమంగా ఆకురాయితో అరగదీస్తారు. అప్పుడు పలక కన్నా, మెట్ల కన్నా కూడా ఎత్తుగా ఉండే పట్టీని పక్కనుంచి అతికిస్తారు. జిగురు ఆరేదాకా గుడ్డ పట్టీలతోనో టేపులతోనో కట్టు కట్టినట్టు బిగించి ఉంచుతారు. తర్వాత మొదలవుతుంది అసలు పరీక్ష. పైకి నిలబడ్డ పట్టీని గీకాలి. మెట్టుకీ మెట్టుకీ మధ్య పలకతో సమంగా దిగాలి. మెట్టు కొస దగ్గర మాత్రం దిగకూడదు! అక్కడ పట్టీ మెట్టు ఆకారంలోనే చిన్న బొడిపెలా పైకి నిలవాలి. ఒక్కో మెట్టుకి రెండు బొడిపెలు. 22 మెట్లకి 44. బియ్యపుగింజలో సగం ఉండదు ఒక్కోటి. చిన్న ఉలి, సన్నటి ఆకురాయి, గీకుడుబిళ్ల... ఇవే పనిముట్లు. నలభై మూడు బొడిపెలు బాగా వచ్చి నలభై నాలుగో దాని దగ్గర చెయ్యి జారితే అక్కడ గుంట పడుతుంది. పాతపనివాళ్లు పట్టీ తుంపుల్ని ఎసిటోన్‌లో కరిగించి ముద్దచేసి ఓ సీసాలో దాచుకునేవారు. గుంటలకి మందు అదే. ఆరాక మళ్లీ గీకాలి.

ఈ బొడిపెల్ని ‘నిబ్స్’ అంటారు. ఇవుంటే గిటార్ కలమజూ సంప్రదాయానిదని దూరం నుంచే చెప్పేయొచ్చు. అయితే వీటిని తిట్టుకునేవాళ్లూ తక్కువేం కాదు. బొడిపెకీ మెట్టుకీ మధ్య పట్టీ ఎండి వెంట్రుకంత సందు వచ్చిందా, సన్నతీగ అందులో చిక్కుకుని మధ్యలో పాట ఆగిపోతుంది. మెట్లు అరిగి మార్చాల్సివస్తే బొడిపెలు పోతాయి. పైగా అవి ఆక్రమించిన మేర వేలికి చోటు తగ్గుతుంది. ఇన్ని ఆలోచించే గిబ్సన్ కంపెనీ 2014లో తన మామూలు మోడళ్ల మీద నిబ్స్‌ని వదిలేసింది. ఖరీదైన కస్టమ్ షాప్ గిటార్లకి మాత్రం ఉంచింది. వాయించడానికి తేలికైన మార్పే అది. అయినా అభిమానులు గోలపెట్టారు. న్యాయంగా చూస్తే కంపెనీ వాదనే సబబు. కానీ చీర కట్టుకోవడానికి అంచు అవసరం లేదని ఎవరైనా అంటే మన ఇళ్లలో ఒప్పుకుంటారా?

రంగు వేశాక కూడా అంచు పని అయిపోదు. గిటార్ మొత్తానికి రంగు చిమ్ముతారు, తెల్లపట్టీతో సహా. తర్వాత ఒకరు కూర్చుని, పట్టీ మీద పడ్డ రంగునంతా చేత్తో గీకి తీస్తారు. బ్లేడుకి టేపు చుట్టి, అంచున వెంట్రుకవాసి మాత్రం వదిలేసి, వేలిగోటిని ఆసరా చేసుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు. చెక్క మీది ఎర్రరంగు గీసుకుపోకూడదు. తెల్లపట్టీ మీద ఎర్రచార మిగలకూడదు. యంత్రాలు చాలా పనులు లాగేసుకున్నాయిగానీ ఇది ఎక్కువచోట్ల ఇంకా చేతిపనిగానే మిగిలింది.

మండే తెలుపు

పాతకాలపు పట్టీలు దేంతో చేశారో తెలుసా? సెల్యులాయిడ్‌తో. మన పాత సినిమా రీళ్లు, నిన్నమొన్నటి పింగ్‌పాంగ్ బంతులు కూడా దాంతో చేసినవే. 1870 ప్రాంతంలో బిలియర్డ్స్ బంతుల కోసం ఏనుగు దంతానికి బదులుగా జాన్ హయత్ దీన్ని తయారుచేశాడు. వేడిచేస్తే వంగుతుంది, ఎసిటోన్ తగిలితే కరిగి చెక్కకి అతుక్కుంటుంది, మెరుగు పెడితే దంతంలా మెరుస్తుంది. అంచు కట్టేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి! ఒకటే చిక్కు... నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

దీనికి వయసు కూడా మనిషిలాగే వస్తుంది. తెలుపు మెల్లగా పసుపెక్కుతుంది. పాత లెస్ పాల్ అంచులు నేతిరంగులో కనిపించేది అందుకే. ఇప్పుడు కొత్త గిటార్లకి ఏబీఎస్ ప్లాస్టిక్ పట్టీలు వాడుతూ, వాటికి ఆ ముసలితనం రావాలని ముందే పసుపు రంగు కలుపుతున్నారు! కొన్ని పాతవాటికి ఇంకా పెద్ద జబ్బు చేస్తుంది. సెల్యులాయిడ్ తనలో తానే కుళ్లి ఆవిర్లు వదులుతూ పొడిపొడిగా రాలిపోతుంది. ఆ ఆవిర్లకి పక్కనున్న మెట్లూ తుప్పుపడతాయి. అలాంటి గిటార్‌కి పాత పట్టీ మొత్తం ఊడదీసి కొత్తది కట్టడం తప్ప దారిలేదు. మరమ్మతు చేసేవాళ్లు అయిష్టంగా ఒప్పుకునే పనుల్లో అదొకటి.

పలక మీది పొదుగుడు కూడా ఇదే సరుకు. ఖరీదైనవాటికి నిజమైన ముత్యపుచిప్ప. మామూలు లెస్ పాల్ మీద కనిపించేవి మాత్రం ముత్యపు మెరుపున్న సెల్యులాయిడ్ బిళ్లలే. అమెరికాలో ఒకప్పుడు టాయిలెట్ సీట్లకి కూడా ఈ సరుకే వాడేవారు. ఆ సంగతి పట్టుకుని గిటార్ మనుషులు దానికి పెట్టిన ముద్దుపేరు కాస్త మోటుగా ఉంటుంది. ఇక్కడ వద్దులెండి.

మన అడవి కర్ర

ఆ పలక కర్ర విషయంలో మన దేశం ప్రమేయమూ ఉంది. 1960ల మధ్యదాకా బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. అది తరిగిపోవడంతో దక్షిణ భారతదేశపు రోజ్‌వుడ్ వైపు మళ్లారు. మనవాళ్లు జిట్టేగి, ఇరుగుడు అనే చెట్టు అదే. మన ఇళ్లలో తాతలనాటి మంచాలకీ బీరువాలకీ వాడిన ఆ ముదురు చేవ, అటు రాక్ సంగీతకారుల వేళ్ల కింద అరుగుతోంది.

ఈ కర్రే ఒకసారి పెద్ద గొడవ తెచ్చింది. 2011 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ అధికారులు టెనెసీలోని గిబ్సన్ ఫ్యాక్టరీల మీద సోదాలు చేసి భారత్ నుంచి వచ్చిన వేళ్ల పలకల చెక్కల్ని పట్టుకెళ్లారు. పూర్తిగా తయారుకాని మందపాటి చెక్కని ఎగుమతి చేయడానికి భారత చట్టం ఒప్పుకోదన్నది వారి వాదన. దానికి ముందు 2009లో మడగాస్కర్ నల్లచేవ మీద కూడా కేసుంది. 2012లో మూడు లక్షల డాలర్ల జరిమానాతో రాజీ కుదిరింది. 2017 నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తం అంతర్జాతీయ నియంత్రణ కిందికి రావడంతో గిటార్ పట్టుకుని సరిహద్దు దాటాలన్నా కాగితాల బెడద మొదలైంది. తయారైన వాయిద్యాలకి 2019 నవంబరులో మినహాయింపునిచ్చాక వాద్యకారులు ఊపిరి పీల్చుకున్నారు.

వెళ్లనివాళ్లు

గిబ్సన్ ఫ్యాక్టరీ టెనెసీలో ఉందన్నాం కదా, మరి కలమజూ ఏమైంది?

1969లో కంపెనీ ఓ పెద్ద వ్యాపార సంస్థ చేతిలో పడింది. 1970ల మధ్యలో నాష్‌విల్‌లో కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. కొన్నాళ్లు రెండూ నడిచాయి. 1984లో పార్సన్స్ వీధిలో చివరి సైరన్ మోగింది. కావాలంటే నాష్‌విల్ రమ్మన్నారు. వెళ్లినవాళ్లు వెళ్లారు. వెళ్లలేనివాళ్లు ఎక్కువ. ఇల్లు ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, చర్చి ఇక్కడ, ముసలి తల్లిదండ్రులు ఇక్కడ. తాత చెక్క కోసిన గదిలోనే మనవడు రంగు గీకిన కుటుంబాలున్న ఊరు. ఎక్కడికని పోతారు? ఈ చేతులకి గిటార్ తప్ప వేరే పని తెలీదు. అదే సంవత్సరాల్లో టాక్సీ ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది.

అప్పుడు కొందరు పాత ఉద్యోగులు ఓ సాహసం చేశారు. ఫ్యాక్టరీ మేనేజరుగా పనిచేసిన జిమ్ డర్లూ, ఆయన సహచరులు మార్వ్ లామ్, జె.పి. మోట్స్ వంటివారు. అందరూ 1950ల్లో కుర్రాళ్లుగా ఆ గేటులోకి అడుగుపెట్టినవాళ్లే. కంపెనీ వదిలేసి పోతున్న పాత యంత్రాల్లో కొన్నింటిని కొన్నారు. అదే భవనంలో కొంతభాగం తీసుకున్నారు. 1985లో ‘హెరిటేజ్’ పేరుతో గిటార్ల కంపెనీ మొదలుపెట్టారు. పేరు కొత్తది. బల్లలు పాతవి, యంత్రాలు పాతవి, నేల మీది రంగు మరకలు కూడా పాతవే.

పెద్ద కంపెనీగా ఎప్పుడూ ఎదగలేదు. లాభాల కోసం చూస్తే నాష్‌విల్ వెళ్లిపోవడమే తెలివైన పని. కానీ వాళ్లు ఉండిపోవడం వల్ల మెడ చెక్కడం, అంచు కట్టడం, రంగు గీకడం ఆ భవనంలో ఆగిపోలేదు. 2016లో హెరిటేజ్ కూడా చేతులు మారింది. పాత యంత్రాల పక్కన కొత్తవి చేరాయి, కొంతమంది పాతకాపులు బయటికి నడిచారు. మరోపక్క నాష్‌విల్ గిబ్సన్ 2018 మేలో దివాలా పిటిషన్ వేసి, నవంబరులో కొత్త యజమానులతో బయటపడింది. ఊరు వదిలినా వదలకపోయినా గిటార్ వ్యాపారం ఎవరికీ పూలబాట కాలేదు.

ఊళ్లోకి వెళ్లినవాళ్లు ఫ్యాక్టరీతోపాటు కలమజూ వ్యాలీ మ్యూజియం కూడా చూడొచ్చు. గిబ్సన్ కాలం నాటి వాయిద్యాలు అక్కడున్నాయి. నడిచి తిరగడానికి 1959లో కార్లు నిషేధించి తీర్చిన బజారువీధి ఉంది. అమెరికాలో అలాంటివాటిలో మొదటిది. తర్వాత కార్లకి మళ్లీ దారిచ్చారనుకోండి. చలికాలం వెళ్లకపోవడం మంచిది, ఆ మంచుకి గిటార్‌తోపాటు మనమూ కుంచించుకుపోతాం.

మ్యూజియంలో అద్దాల వెనకున్న గిటార్లని చూసేటప్పుడు జనమంతా ముందువైపు నుంచే చూస్తారు... పొదిగిన చిప్పలు, మెరిసే పూత. కాస్త పక్కకి జరిగి మెడ అంచుని చూడాలి. తెల్లపట్టీ మీద వరసగా చిన్న నల్లచుక్కలు కనిపిస్తాయి. మూడో మెట్టు దగ్గర ఒకటి, అయిదు, ఏడు, తొమ్మిది... పన్నెండు దగ్గర రెండు. పట్టీకి సన్నటి బెజ్జం వేసి, ప్లాస్టిక్ పుల్ల దూర్చి, కోసి, నున్నగా గీకినవి. ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులకి అవి కనపడవు. గిటార్ మెడలో వేసుకుని తల వంచి చూసే మనిషికి మాత్రమే కనిపిస్తాయి.